గుట్ట దిగి తెచ్చిన నీళ్లు

నా చిన్నప్పుడు దసరా సెలవులంటే మాకు గుట్టే. ఆర్మూర్‌ను ఆనుకుని ఉన్న ఆ నల్లరాళ్ల గుట్ట మీద సీతాఫలాలు పక్వానికొచ్చే రోజులవి. శని, ఆదివారాలు రెండు రోజులూ మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని ఎక్కేది. అందరికీ కాయలు కావాలి, ఆమెకు మాత్రం నడక కావాలి. కూర్చుని బీడీలు చుట్టీ చుట్టీ నడుము పట్టేసిందని సాకు చెప్పేది గానీ, అసలు ఆ గుట్టంటేనే ఆమెకు పిచ్చి.

ఒక ఆదివారం దిగేటప్పుడు బండ మీద ఆమె కాలు జారింది. పడిపోయింది, మళ్లీ లేవలేకపోయింది. పాదం పక్కకు తిరిగి ఉంది. చెయ్యి పట్టి లాగాను, చంకల కింద చేతులు వేసి లాగాను. నా బలం ఏ మూలకు సరిపోతుంది? గొంతు పోయేదాకా అరిచాను, ఒక్కరూ పలకలేదు. వదిలి వెళ్దామంటే భయం, ఉండి చేయగలిగింది ఏమీ లేదు. ఆమె కొంగు పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను.

ఆమె నన్ను ఊరుకోమనలేదు. కాసేపటికి, వంటింట్లో ఉండి అడిగినంత మామూలుగా అంది:

"నాకేం గాలే బిడ్డా. జర దూపైతుంది. కింద పసుపు చేన్ల కలుపు తీస్తున్నరు సూడు, గాళ్లనడిగి చెంబెడు నీళ్లు పట్కరా."

సాయం తెమ్మని ఉంటే నేను కదిలేదాన్ని కాదు. నీళ్లు తేవడం నాకు చేతనైన పని. కళ్లు తుడుచుకుని దిగాను. చేలో వాళ్లు నా ముఖం చూసి ఏమైందని అడిగి, చేతిలో పని వదిలేసి నా వెంట వచ్చారు. నేను మాత్రం చెంబు తొణకకుండా పట్టుకుని ఎక్కాను. నాయనమ్మ ముఖం చెమటతో తడిసి పాలిపోయి ఉంది. అయినా ఎవరినీ ముట్టనివ్వక, ముందు నా నీళ్లు చుక్క మిగల్చకుండా తాగింది. ఆ తర్వాతే ఎత్తమంది. ఎత్తుతుంటే ఆమె అరిచిన అరుపు విన్నాకే, నా దగ్గర ఎంత దాచిందో తెలిసింది.

కాలు సరిగ్గా అతకలేదు. వాకిట్లో మంచం మీది నుంచి ఆమె ఆ బండలకేసి చూస్తుంటే నాకు దుఃఖం పొంగుకొచ్చేది. ఆమె మళ్లీ గుట్ట ఎక్కలేదు.

ఈమధ్య మా ఇంటాయన మెట్ల మీద నుంచి పడ్డారు. వెన్ను దెబ్బతింది, నడుము కింద ఇక స్పర్శ ఉండదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. లోపలికి వస్తే మా మనవరాలు ఆయన మంచం పక్కన బిక్కచచ్చి ఏడుస్తూ నిలబడి ఉంది. నా చేతిలోనూ ఏమీ లేదు. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న ఆ ఒక్కటీ తప్ప.

"తాత కాళ్లు సల్లగున్నయి, జర దుప్పటి కప్పు బిడ్డా" అన్నాను.

అది కప్పింది. పాదాల దగ్గర అంచులు జాగ్రత్తగా మడిచి పెట్టింది. దాని ఏడుపు ఆగింది. ఆ దుప్పటి వెచ్చదనం ఆయనకు తెలియదని నేనింకా దానికి చెప్పలేదు.