గాలి సోకిందనుకున్న జబ్బు

అరవైల నాటి మాట. ధర్మవరంలో మాది పట్టుచీరల మగ్గం. ఒక పొద్దున నేస్తూ నేస్తూ మా ఆయన ఆగిపోయి, "ఎడమ చెయ్యి లాగుతాంది, ఎదమీద బండ పెట్టినట్టుండాది" అన్నాడు. ఒళ్ళంతా చెమట. అత్తా నేనూ జట్కాలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం.

డాక్టరు సూది వేసి, "గుండెజబ్బు" అన్నాడు.

నేను నమ్మలేదు. "సన్నని మనిషి సార్. నెయ్యి ఎరగడు, సంగటి తింటాడు. ఈయనకు గుండెజబ్బు యాడిది?"

"తిండి ఒక్కటే కాదమ్మా. బీడీలు తాగుతాడా?"

"దినానికి రెండు కట్టలు."

చేతికి పట్టీ చుట్టి చూసి, రక్తపోటు కూడా ఎక్కువే ఉందన్నాడు. "వాళ్ళ నాయన ఉన్నాడా?"

"లేడు సామీ. గాలి సోకి పోయినాడు" అంది అత్త, నేల చూస్తూ.

"పోయేముందు ఏమన్నాడు?"

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెయ్యి లాగుతాందన్నాడు. అప్పటికి నలభై నిండలేదు. మా ఆయనన్న కూడా అట్లనే పోయినాడు. చెప్తే మా ఇంటికి పిల్లనియ్యరని యాడా చెప్పలేదు."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె ముఖం చూసి చెయ్యి పట్టుకున్నాను.

"ఇది వంశంలో కూడా వస్తుందమ్మా" అన్నాడు డాక్టరు.

మూడు వారాలకు ఆయన లేచి కూర్చున్నాడు. ఏ నొప్పీ లేదని మొండికేస్తున్న నా మరిదిని అత్తే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. అతనికీ రక్తపోటు ఎక్కువే ఉంది. ఇంటికి రాగానే అతని జేబులోని బీడీకట్ట తీసి పొయ్యిలో వేసింది.