కొమరోలు బస్సులో బావమరిది

గిద్దలూరు నుంచి పొద్దున్నే కొమరోలు పోయే బస్సులో డ్రైవరు వెనక సీటు నాది. తెలియక ఎవరైనా కూర్చుంటే లేపేస్తాను. నేను పంతులమ్మను, నాకు ఓపిక తక్కువ. ఉన్న కాస్త ఓపిక బడిలో పిల్లలకే చాలదు, ఇక బస్సులో ఎక్కడి నుంచి తేను? ఇన్నేళ్లుగా ఆ సీట్లో కూర్చుని నేను చూసింది రోడ్డు కన్నా రంగయ్యనే ఎక్కువ.

రంగయ్య మనిషి పొట్టి, గొంతు పెద్దది. వాళ్ల నాయన గొర్రెలు కాసేవాడు. చిన్నప్పుడు రంగయ్య కూడా మంద వెనక కొండల కింద చెప్పుల్లేకుండా తిరిగాడు. తర్వాత లారీ క్లీనరయ్యాడు, లారీ నడిపాడు, ఆ తర్వాత బస్సుకొచ్చాడు. ఉద్యోగం వచ్చాక చెప్పులైతే కొన్నాడు గానీ వాటితో బండి నడపడం మాత్రం ఆయనకు చేతకాలేదు. సీటెక్కగానే రెండూ విడిచి పక్కన ఇంజను మూత దగ్గర పెట్టేస్తాడు.

ఒకసారి ఎందుకలాగని అడిగాను. "బ్రేకు చెప్పే మాట కాలికి తెలియాల టీచరమ్మా. మధ్యలో తోలు అడ్డమెందుకు?" అన్నాడు.

కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. మేకలు అడ్డమొస్తే మేకల్నీ, వాటిని తోలుకొచ్చినవాడినీ, వాడికి పిల్లనిచ్చినవాళ్లనీ కలిపి తిట్టేవాడు. మలుపు తిరిగేసరికి ఆ తిట్లు ఆయనకే నవ్వు తెప్పించేవి. ఆయన ఎంత అరిచినా బస్సులో ఎవరూ ఉలిక్కిపడేవాళ్లు కాదు.

జానీ కండక్టరుగా ఈ బస్సు ఎక్కిన రోజు నేనూ ఉన్నాను. సన్నటి మనిషి, చెవి మీద పెన్ను. రంగయ్య అద్దంలోంచి ఎగాదిగా చూసి, "ఏ ఊరయ్యా నీది?" అని అడిగాడు.

"కొమరోలే అన్నా. మసీదు వీధి."

"కొమరోలా! మా ఇంటామె చెంచమ్మ పుట్టింది ఆ ఊర్లోనే. అట్లయితే నువ్వు నాకు బావమరిదివి పో."

మా వైపు అంతే. భార్య పుట్టిన ఊరి మగవాళ్లందరూ మొగుడికి బావమరదులే. దాన్ని ఊరి వరస అంటారు. కులమేదీ మతమేదీ అని ఆ వరస అడగదు. బావమరిదన్నాక బావను ఆటపట్టిస్తాడు, అది వాడి హక్కు. బావ అరవచ్చు, తన్నడానికి కాలెత్తొచ్చు, నిజంగా మాత్రం కోపం తెచ్చుకోకూడదు. పొద్దున "అన్నా" అన్న జానీ సాయంత్రం ట్రిప్పుకల్లా "బావా" అన్నాడు. చెంచమ్మను చూడకముందే ఆమె వాడికి అక్క అయిపోయింది.

ఆ పూట నుంచి రంగయ్యకు మనశ్శాంతి లేదు. చెంచమ్మ ఇద్దరికీ కలిపి క్యారియర్ పంపేది. జానీ అందులోని కోడిగుడ్డు తినేసి, అదే సైజు ఉల్లిగడ్డకు పొట్టు తీసి అన్నంలో పెట్టేవాడు. టీలో ఉప్పు వేయించేవాడు. అన్నిటికన్నా వాడికి ఇష్టమైన పని చెప్పు దాచడం. రెండూ దాచేవాడు కాదు, ఒకటే. ఎవరిదో టమాటాల గంపలో, సామాన్లు పెట్టే పై కడ్డీల మీద, ఓసారి నా బ్యాగులో కూడా. బస్సు ఆగగానే రంగయ్య కాళ్లతో తడిమేవాడు. ఒకటి దొరికేది, రెండోది దొరికేది కాదు. అప్పుడు బస్సంతా ఎదురుచూసే అరుపు వచ్చేది.

"ఉండు, మీ అక్కతో చెప్తా నీ సంగతి!"

"చెప్పుకో పో బావా. అక్క నా మాటే నమ్ముతాది."

బడిపిల్లలు కూడా ఆ రెండు మాటలూ వాళ్లలో వాళ్లు అనుకుని నవ్వుకునేవాళ్లు. నేను మాత్రం విసుక్కునేదాన్ని. ఇద్దరూ ముసలివాళ్లయ్యే వయసులో ఈ పిల్లచేష్టలేమిటని పైకే అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ విసుగు కూడా ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నాకు ఒంటిపూట బడి. ఇంటికి తిరిగి వస్తున్నాను. కొమరోలు దాటాక, కంది చేల పక్కన దారి కలిసేచోట, ఒక మోటార్ సైకిల్ ఎటూ చూసుకోకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. మొగుడు, పెళ్లాం, మధ్యలో చంటిపిల్ల. రంగయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. బండి పడిపోయింది, బస్సు దానికి మూరెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

జానీ అప్పుడు వెనకెక్కడో కిక్కిరిసిన జనంలో టికెట్లు కొడుతున్నాడు. అంత వెనక నుంచి ముందేం జరిగిందీ కనపడదు. ఏ గొర్రో అడ్డమొచ్చిందనుకుని ఉంటాడు. అంతకుముందు ఆగినచోటే ఎడమ చెప్పు తీసి తన సంచిలో వేసుకున్నాడు.

రంగయ్య ఆత్రంగా చెప్పుల్లో కాళ్లు పెట్టబోయాడు. ఒక చెప్పే దొరికింది. దాంతోనే దిగాడు. తారు కాలిపోతోంది. చేలల్లోంచి మనుషులు పరిగెత్తుకొచ్చి, తప్పెవరిదో చూడకుండానే ఆయన చొక్కా పట్టుకున్నారు. "తాగి నడుపుతాండావా? కాలికి చెప్పు కూడా లేదే!" అన్నాడొకడు. పిల్ల ఏడుస్తోంది. కాలే కాలును ఎత్తి ఎత్తి పెడుతూ రంగయ్య ఏదో చెప్పబోతున్నాడు, ఎవరూ వినడం లేదు. సరిగ్గా అప్పుడు జానీ వెనక తలుపులోంచి దిగి, ఆ చెప్పు పైకెత్తి ఊపుతూ అరిచాడు.

"బావా, ఒంటి చెప్పుతో ఏడికి పోతాండావు?"

గుంపంతా గొల్లున నవ్వింది. రంగయ్య వెనక్కి తిరిగాడు.

"ఎవడ్రా నీకు బావ? ఏ వరసన రా నేను నీకు బావ? మీరెవరు, మేమెవరు? ఇంకోసారి ఆ మాటంటే పండ్లు రాలగొడతా!"

ఆయన తిట్లు నేను ఎన్ని వినలేదు? ఏ తిట్టుకైనా అడుగున కాస్త నవ్వుండేది. ఈ మాటకు లేదు. బస్సులో ఒక్కరూ కదల్లేదు. జానీ అప్పుడు చూశాడు కింద పడి ఉన్న బండిని, ఏడుస్తున్న పిల్లను. గుంపును తోసుకుని వచ్చి, వంగి, చెప్పును రంగయ్య కాలి ముందు తిన్నగా పెట్టాడు.

"తప్పయింది డ్రైవర్ గారూ," అన్నాడు.

ఆ తర్వాత జనంతో తనే మాట్లాడాడు, వాళ్లను ఒప్పించాడు, బండి ఎత్తించి పంపించాడు. తలుపు దగ్గర నిలబడి "రైట్" అన్నాడు. బస్సు కదిలింది.

ఆ రోజు నుంచి జానీని ఎవరూ వేలెత్తి చూపలేరు. "డ్రైవర్ గారూ, స్టాపుంది." "డ్రైవర్ గారూ, పెద్దామె దిగుతాది, నిదానం." మా తాలూకాలో డ్రైవరును గారు అని పిలవడం నేను అంతకుముందు వినలేదు. పిలిచిన ప్రతిసారీ రంగయ్య మెడ కొంచెం లోపలికి పోయేది. టీలో చక్కెర సరిగ్గా ఉండేది. క్యారియర్లో గుడ్డు గుడ్డుగానే ఉండేది. చెంచమ్మ ఇద్దరికీ పంపుతూనే ఉంది, జానీ మాత్రం "నేను తెచ్చుకున్నాను డ్రైవర్ గారూ" అని పక్కకు పోయి తినేవాడు. సగం నిండిన క్యారియరే ఇంటికి తిరిగి పోయేది.

ఒకరోజు చెంచమ్మ పుట్టింటికని బస్సెక్కింది. జానీ ఎదురుపోయి ఆమె చేతిలో సంచి అందుకున్నాడు. "బాగుండావా అక్కా?" అన్నాడు. అక్క అక్కగానే ఉంది! రంగయ్య అద్దంలోంచి చూస్తున్నాడు. ఆమె నా పక్కన కూర్చుని, మొగుడి వీపుతో మాట్లాడినట్టు అంది: "నీ నోటితో నువ్వు తెంచుకున్నావు. నేను తెంచుకోలే. వాడు నా ఊరోడు."

ఆ వీపు అంత చిన్నదిగా నాకెప్పుడూ కనపడలేదు.

ఇంకోరోజు కొమరోలులో జనమంతా దిగిపోయాక నేనే ఉండబట్టలేక అడిగేశాను. "కోపంలో నోరు జారింది అని ఒక్క మాట చెప్పలేవా రంగయ్యన్నా? ఊరందరినీ తిట్టే నోరు కదా అది?"

ఆయన స్టీరింగు మీద దుమ్ము తుడిచాడు.

"చెప్తా టీచరమ్మా. ఎవడ్రా నీకు బావ అన్నది కోపంలోనే. మీరెవరు మేమెవరు అన్నా చూడు, అది కోపంలోదేనా, లోపల ముందే ఉన్నిందా అని వాడు అడిగితే? లేదని నాకు తెలుసు. వాడికెట్ల తెలియాల?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వాడు బావా అంటే చాలు, నాకింకేం వద్దు. ఇంట్లో పడుకున్నా వాడు పిలిచినట్టే ఉంటాది," అన్నాడు.

జానీని కూడా వదల్లేదు నేను. వాడు టికెట్ మిషన్ తుడుచుకుంటూ, "నేను మాట్లాడతానే ఉండా కదా మేడమ్," అన్నాడు. "వరస ఉంటే అది నవ్వులాట. వరస లేనోడితో ఆడితే ఎగతాళి అవుతాది. వరస కలిపింది ఆయన, తెంపింది ఆయన. నేనెట్ల కలుపుకునేది?" వాడి మొహం కూడా ఏమంత బాగా లేదు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఇద్దరికీ కావాల్సింది ఒకటే. మధ్యలో బస్సంత పొడుగు దూరం.

తర్వాత ఒక సంగతి గమనించాను. రంగయ్య చెప్పులు విడిచే చోటు మారింది. ఇదివరకు దాపుగా, తన కాళ్ల పక్కనే విడిచేవాడు. ఇప్పుడు ఇంజను మూతకు ఇవతల, జనం నడిచే దారికి దగ్గరగా, వచ్చేపోయేవాళ్లకు కనపడేలా పెడుతున్నాడు. ప్రతి స్టాపులో ఓరకంట చూసుకుంటున్నాడు. జానీ వాటిని దాటుకుని పోతాడు, వస్తాడు. రెండూ అక్కడే ఉంటాయి. ఊరొచ్చాక రంగయ్య రెండు చెప్పులూ తొడుక్కుని, ఏదో పోగొట్టుకున్నవాడిలా దిగిపోతాడు. చూడలేక ఒకరోజు నేనే ఒక చెప్పును నా సీటు కిందికి తోసేద్దామని కాలు చాపాను. అది నా వరస కాదు కదా అని వెనక్కి తీసుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, దోసకాయలమ్మే వెంకాయమ్మ గోనెసంచితో ఎక్కింది. సంచిని ఇంజను మూతకు ఆనించింది. కొమరోలుకు ముందు పల్లెలో దిగుతూ దాన్ని ఈడ్చుకుంటూ పోయింది. సంచి కుట్టు ఊడి, పురికొస వేలాడుతోంది. అది ఎడమ చెప్పు పట్టీకి తగులుకుంది. సంచితో పాటు చెప్పు కూడా మెట్లు దిగిపోయింది. వెంకాయమ్మ చూడలేదు. వెనక తలుపు దగ్గరున్న జానీ చూడలేదు. నేను అరుద్దామని నోరు తెరిచేసరికి "రైట్" వినపడింది, బస్సు కదిలింది. తెరిచిన నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో అప్పటికి నాకూ తెలియదు.

కొమరోలు బస్టాండులో బస్సు ఆగింది. రంగయ్య కాలు చాపాడు. కుడి చెప్పు దొరికింది. ఎడమ కాలు నేల మీద అటూ ఇటూ తడిమింది. వంగి చూశాడు. ఇంజను మూత పక్కన చెయ్యి పెట్టి వెతికాడు. లేదు. ఆయన తల నెమ్మదిగా పైకి లేచింది. ఆ మొహాన్ని నేను పక్క నుంచి చూశాను. అంత సంతోషం, అంత భయం ఒక్క మొహంలో పట్టడం నేనింకెక్కడా చూడలేదు.

"రేయ్!" పాత గొంతు. బస్సు అద్దాలు అదిరాయి. "నా చెప్పేది రా?"

దిగబోతున్న జనం ఆగిపోయారు. జానీ వెనక నుంచి వచ్చాడు. కింద ఒంటరిగా ఉన్న కుడి చెప్పును చూశాడు. "నేను తీయలే డ్రైవ..." అని మొదలుపెట్టాడు.

రంగయ్య వినిపించుకోలేదు. కళ్లనిండా నీళ్లు, వేలు పైకెత్తి బెదిరింపు.

"ఉండు, మీ అక్కతో చెప్తా నీ సంగతి!"

జానీ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. వాడు ఇంకోసారి ఆ ఒంటి చెప్పును చూశాడు, రంగయ్య మొహం చూశాడు, చెవి మీద పెన్ను సర్దుకున్నాడు.

"చెప్పుకో పో బావా," అన్నాడు. "అక్క నా మాటే నమ్ముతాది."