నా జబ్బు, ఆయన అబద్ధం

ఆ రోజు పొద్దున విమానం చుట్టూ తిరిగి చూసే చెకింగ్‌లో ముందు చక్రం దగ్గర ఆగిపోయాను. ఇక్కడికి ఇంతకుముందే వచ్చానా, ఇదే మొదటిసారా, గుర్తు రాలేదు. మళ్ళీ మొదటి నుంచి తిరిగాను. మూడోసారి కూడా తిరిగాను. అప్పటికి రెండు నెలలుగా నాకు సరిగా నిద్ర లేదు. అన్నం సయించేది కాదు. ఆ రోజు డ్యూటీకి వెళ్ళకుండా ఉండాల్సింది. అది నా తప్పే.

నేను ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని. మాది సిద్దిపేట. బాపు తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఆ రోజు నా పక్కన కూర్చున్నది మాకు ట్రైనింగ్ ఇచ్చే సీనియర్ కెప్టెన్. కిందికి దిగుతుండగా చెక్‌లిస్ట్ చదువుతున్నాను. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ అర్థం బుర్రకెక్కడం లేదు. "సర్, నాకు బాగాలేదు. కంట్రోల్స్ మీరు తీసుకోండి" అన్నాను. తీసుకున్నాడు. తర్వాత మేము ఉండాల్సిన దానికంటే ఎత్తులో, ఎక్కువ వేగంతో వస్తున్నాం. "గో అరౌండ్ సర్" అని రెండుసార్లు చెప్పాను. మళ్ళీ పైకి లేపకుండా, రన్‌వే సగం దాటాక దించాడు.

సెలవు పెట్టి ఇంటికొచ్చాను. సిద్దిపేటలోనే సైకియాట్రిస్ట్‌కు చూపించుకున్నాను. థైరాయిడ్, బీ12 టెస్టులు నార్మల్‌గా వచ్చాయి.

"ఇది డిప్రెషనమ్మా. ట్యాబ్లెట్ పని చెయ్యనీకి కొన్ని వారాలు పడ్తది" అన్నారు డాక్టరమ్మ.

"మళ్ళీ ఎప్పుడు ఎగురుత మేడం?"

"ముందుగాల పండుకో. ఎగురుడు తర్వాత."

నేనే కంపెనీకి జబ్బు సంగతి చెప్పాను. పైలట్‌కు తప్పనిసరైన నా క్లాస్ వన్ మెడికల్ సర్టిఫికెట్ పక్కన పెట్టి 'టెంపరరీ అన్‌ఫిట్' అన్నారు. మందులు ఆపేశాక కూడా కొంతకాలం గమనించి, మెడికల్ బోర్డు పరీక్ష చేసి, ఫిట్ అంటేనే మళ్ళీ కాక్‌పిట్. దాచుకుని ఎగిరేవాళ్ళు ఎందుకు దాచుకుంటారో అప్పుడర్థమైంది.

నెల తర్వాత కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ ల్యాండింగ్ మీద కెప్టెన్‌ను సంజాయిషీ అడిగారట. 'ఫస్ట్ ఆఫీసర్ మానసిక స్థితి సరిగా లేదు, చివరి నిమిషంలో స్టిక్ లాగింది' అని ఆయన రాసిచ్చాడు. స్టిక్ అంటే విమానాన్ని నడిపే పిడి. ఆయనకు ఫోన్ చేశాను.

"సర్, నేను స్టిక్ ముట్టుకున్ననా?"

"చూడమ్మా, నీ మెడికల్ ఎట్లాగూ పోయింది. నీ మీద ఒక మాట ఎక్కువైతే ఏమైతది? నాకు పిల్లలున్నరు."

ఈ మాట ఆయన చదువుతాడనే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రిపోర్ట్ నా మెడికల్ ఫైల్లో చేరింది. బాపుకు అంతా చెప్పాను. ఆయన చెట్టెక్కే మోకు తుడుచుకుంటూ విన్నాడు. "చెయ్యి వణికిన దినం చెట్టెక్కొద్దు. ఎక్కినంక వణికితే మెల్లగ దిగాలె. నువ్వు గదే చేసినవ్ బిడ్డా. వాన్ని ఇడిచిపెట్టకు" అన్నాడు.

విడిచిపెట్టదలుచుకోలేదు. కానీ తొందరపడ్డాను. త్వరగా బోర్డు ముందుకు పోవాలని డాక్టరమ్మకు చెప్పకుండా ట్యాబ్లెట్లు మానేశాను. మూడు వారాలకే మంచం దిగలేకపోయాను. స్నానం కూడా అమ్మే చేయించింది. "రిలాప్స్. మళ్ళ మొదటికొచ్చినం. కోపం ఆయన మీదుంటే శిక్ష నీకెందుకు?" అని డాక్టరమ్మ కసిరారు. డోస్ పెంచారు. ఈసారి ఒక్క పూట కూడా తప్పలేదు. నిజం చెప్పాలంటే, పొద్దున్నే నన్ను మంచం మీంచి లేపింది పగే. ట్యాబ్లెట్ మింగేటప్పుడు ఆయన ముఖం గుర్తుచేసుకునేదాన్ని.

కాక్‌పిట్‌లో మా మాటల రికార్డింగ్ అప్పటికే చెరిగిపోయింది. ఆయన ధైర్యం అదే. కానీ మా విమానంలో కుడివైపు నా స్టిక్, ఎడమవైపు కెప్టెన్ స్టిక్ కదలికలు విడివిడిగా నమోదవుతాయి. ఆ డేటా తీయండని సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కు రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. నాలుగో ఉత్తరానికి తీశారు. కంట్రోల్స్ ఇచ్చేశాక కుడి స్టిక్ ఒక్కసారి కూడా కదల్లేదు.

ఆయన ట్రైనర్ పదవి పోయింది. కొన్నాళ్ళు ఎగరనివ్వలేదు. కంపెనీవాళ్ళు నన్ను పిలిచి "ఆయన నోటితో సారీ చెప్తే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదన్నాను. అబద్ధమని ఆయనే రాసివ్వాలి, ఆ కాగితం నా మెడికల్ ఫైల్లో పెట్టాలి అన్నాను. పెట్టారు. ఆ పూట అమ్మతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

డాక్టరమ్మ చెప్పినట్టే నెలల తరబడి డోస్ తగ్గించుకుంటూ ఆపేశాను. ఆ తర్వాత గమనింపు, సైకాలజిస్ట్ పరీక్షలు, చివరికి బోర్డు. అక్కడి సైకియాట్రిస్ట్ ఫైల్ తిరగేసి అడిగారు.

"ఆ కెప్టెన్ మీద ఇంకా కోపం ఉందా?"

"ఉంది సర్."

"ఎంత?"

"నిద్ర చెడేంత లేదు సర్."

ఆయన నవ్వలేదు. రాసుకున్నారు. ఫిట్ అని వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ ఎగురుతున్నాను. మూడు నెలలకోసారి డాక్టరమ్మను కలుస్తాను. నిద్ర రెండు రోజులు వరుసగా చెడితే నేనే డ్యూటీ వద్దంటాను. మొన్న క్రూ బస్సులో ఆ కెప్టెన్ ఎదురు సీట్లో కూర్చున్నాడు.

"అయిందేదో అయింది. మర్చిపోదాం తల్లీ" అన్నాడు.

"మీరు మర్చిపోండి సర్. నేను మర్చిపోను" అన్నాను. బస్సులో అందరూ విన్నారు. నాకు హాయిగా అనిపించింది. క్షమిస్తేనే మనసు కుదుటపడుతుందంటారు. నా మనసు క్షమించకుండానే కుదుటపడింది.

ఈ జబ్బుతో ఉద్యోగం చేస్తున్నవాళ్ళకు ఒక్కటే చెప్తాను. 'నాకు బాగాలేదు' అని నోటితో చెప్పిన రోజే, ఏం జరిగిందో టైముతో సహా కాగితం మీద రాసి పంపండి, కాపీ దగ్గర పెట్టుకోండి. నేను ఆ రోజు రాయలేదు. నా బదులు ఆయన రాశాడు.