మా బడి చరిత్ర చెప్పబోయి

మార్కాపురంలో మేం చదివిన మగపిల్లల హాస్టలు బడి పాత విద్యార్థులమంతా పోయిన వేసవిలో కలిశాం. బడి చరిత్ర చెప్పే పని నాకప్పగించారు. రాతిపలకలు చేసే షెడ్డులో తరగతులు మొదలైన రోజులు, ట్యాంకరు రాక స్నానాలు మానేసిన వారాలు, అన్నీ చెప్పాను. జనం బాగా వింటున్నారు. ఇంకాస్త నవ్విద్దామని మాతో చదివిన ఒకడి ముచ్చట ఎత్తుకున్నాను.

వాడిది కొనకనమిట్ల వైపు పల్లె. ఎనిమిదో తరగతిలో ఒక మధ్యాహ్నం గోడ దూకి పారిపోయాడు. రెండు వారాలకు వాళ్ల నాయన తీసుకొచ్చి వదిలాడు. నున్నటి గుండు.

"పేలు పోగొట్టుకోవడానికే పారిపోయాడని బడంతా నవ్వింది. వార్డెను సారు అందరి ముందూ గుంజీలు తీయిస్తుంటే ఆ గుండు ఎండకు తళతళలాడింది" అన్నాను. హాలంతా చప్పట్లు.

వెనక వరసలో ఒకాయన లేచాడు. నెరిసిన మీసం, పక్కన భార్య. నేను గుర్తుపట్టలేదు.

"ఆ గుండోడు నేనేన్నా" అన్నాడు. నవ్వులు ఇంకా పెరిగాయి. ఆయన నవ్వలేదు. "మాయమ్మకు పాము కరిసిందని కబురొచ్చింది. సారు సెలవియ్యలా. గోడ దూకి పోయినా. నేను పోయేసరికే మట్టి చేసినారు. గుండు అందుకు."

మైకు నా చేతిలోనే ఉంది. క్షమించమని అందులో చెబితే అదీ ఉపన్యాసంలో భాగమైపోతుందనిపించింది. వేదిక దిగబోతుంటే ఆపి శాలువా కప్పారు.

భోజనాల దగ్గర ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లి, "నిజంగా నాకు తెలియదన్నా" అన్నాను.

"ఎట్ల తెలుస్తాది? ఒకే రూములో పండుకున్నాం. గుండెందుకని ఎవరన్నా అడిగితే గదా." గొంతులో కోపం లేదు.

ఆయన భార్య నా వైపు చూడకుండానే, "ఆ గుంజీల సంగతి ఇన్నేండ్లలో నాకు గూడ చెప్పలేదు. ఇయ్యాల ఇంతమందిలో ఇనాల్సొచ్చింది" అంది.

సాయంత్రం వాట్సాప్ గ్రూపులో నా ఉపన్యాసం వీడియో పెట్టారు, చప్పట్ల దాకా మాత్రమే. తీసేయమన్నాను. ఎందుకని అడిగారు. ఆయన్ని అడగకుండా కారణం రాయడానికి చేయి రాలేదు. మర్నాడు ఫోన్ చేశాను.

"రాయన్నా. సెలవియ్యలేదని గూడ రాయి. అదీ బడి చరిత్రే గదా" అన్నాడు.

అలాగే రాశాను. వీడియో తీసేశారు. రాసినదాని గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.