ఎగిరే కొంగల ఫొటో

మద్దిలపాలెంలో ఉమాశంకర్‌కి ఫొటో స్టూడియో ఉంది. ఇరవయ్యేళ్లుగా పెళ్లికూతుళ్లనీ, పాస్‌పోర్టు మొహాలనీ "కదలకండి, కదలకండి" అంటూ ఫొటోలు తీసి హాయిగా బతుకుతున్నాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి కళ అనే పురుగు కుట్టింది. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి బోట్ల మీద ఎగిరే కొంగల్ని తీయడం మొదలుపెట్టాడు.

అందరిలా తీస్తే ఏ గొడవా ఉండేది కాదు. ఇతను షట్టరు నెమ్మదిగా పడేలా పెట్టి, ఎగిరే కొంగతో పాటే కెమెరా తిప్పేవాడు. ఫొటోలో కొంగ ఉండదు, తెల్లటి చారలుంటాయి. అడిగితే "కొంగని ఎవుడైనా తీత్తాడు, నాను ఎగరడం తీత్తన్నాను" అనేవాడు. ఆదివారాలన్నీ కొంగ జపం చేయగా చేయగా ఒకటి కుదిరింది. దాన్ని పెద్దది చేయించి, షోకేసులో పెళ్లికూతురి ఫొటో తీసేసి ఆ స్థానంలో పెట్టాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

వారం తిరక్కుండా వీధి తీర్పు చెప్పేసింది: "శంకర్ సెయ్యి వణుకుతంది." షుగరని కొందరు, మందని కొందరు. పెళ్లి బేరాలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఒక పెళ్లికూతురి తండ్రయితే "ఓపాలి సెయ్యి సాపండి బాబూ" అని పరీక్ష చేసుకుని మరీ వెళ్లాడు. మళ్లీ రాలేదు.

"ఆ మసక బొమ్మ దించీ," అంది భార్య ఈశ్వరి. "పెళ్లిళ్ల సీజను ఎలిపోతంది."

"ఒక్కడు బాగుందంటే సాలు ఈశ్వరీ. నేదంటే నానే దించీత్తాను."

ఆ ఒక్కడూ వచ్చాడు. ఈశ్వరి తండ్రి నూకాలు, జాలారిపేటలో జీవితమంతా సముద్రం మీద వేటాడినవాడు. షోకేసు ముందు ఆగిపోయాడు.

"ఆయ్, కొంగలు ఎలగెగురుతన్నాయో సూడు! ఇన్నాళ్లకి పిట్టని పిట్టలా తీసినావ్ అల్లుడా!"

ఉమాశంకర్‌కి కళ్లనీళ్లొచ్చాయి. నూకాలు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయనీ, నిన్న వీధిలో మేకని "ఎవులు బాబూ" అని పలకరించాడనీ ఈశ్వరి గుర్తుచేసింది. కళాకారుడు అలాంటివి వింటాడా?

వినకపోగా ఇంకో తెలివి పుట్టింది. మసక కళ్లతోనే ఇంత చూసినవాడు, కళ్లు బాగుపడితే ఇంకెంత చూస్తాడు! ఆపరేషనంటే భయపడి కూతురి మాట రెండేళ్లుగా పెడచెవిన పెట్టిన ముసలాయన్ని అల్లుడు బతిమాలి, బామాలి, తనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ముందు కుడికన్ను, ఓ నెల పోయాక ఎడమకన్ను అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. మర్నాడు కట్టు విప్పగానే నల్లకళ్లద్దాలతో నూకాలు ఇంటికి కూడా వెళ్లకుండా స్టూడియోకే వచ్చాడు.

"ఏటి అల్లుడా, ఇంత ముసిలోడివైపోనావు!" అని పలకరించి, షోకేసు వైపు తిరిగాడు.

కళ్లద్దాలు తీసి చూశాడు. దగ్గరికెళ్లాడు, వెనక్కొచ్చాడు. "మొన్నటి బొమ్మేది?" అనబోయి ఉంటాడు, అల్లుడి మొహం చూసి ఆగిపోయాడు. ఇప్పుడు ఆయనకి ఆ మొహం కూడా స్పష్టంగా కనబడుతోంది మరి.

నూకాలు కుడి అరచెయ్యి ఎత్తి కొత్తకన్ను మూసుకున్నాడు. మిగిలిన పాతకంటితో ఫొటో వైపు చూశాడు.

"అద్దీ! ఇప్పుడెగురుతన్నాయి."

ఉమాశంకర్‌కి ఈ మనిషి కాళ్లమీద పడిపోదామా అనిపించింది. తనకోసం ఒక కన్ను మూసుకుని నిలబడేవాడు ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?

నూకాలు చెయ్యి దించి, "మరి ఈ రొండో కన్ను ఎప్పుడు సేయించీద్దాం అల్లుడా? పెపంచమంతా బలే కనిపిత్తంది" అన్నాడు.

ముసలాయన రెండేళ్ల భయాన్ని పోగొట్టిన అల్లుడు నేలచూపులు చూశాడు.

"తొందరేటి మావా," అన్నాడు. "సలికాలం పోనీ."