యాభై ఎనిమిది మిల్లీమీటర్లు

మా వీధిలో ఆమెను అందరూ మిల్లీమీటరక్క అంటారు. వాన ఎలా పడిందని అడిగితే "బాగా పడింది" అని ఊరుకునే మనిషి కాదు. "పన్నెండు పాయింట్ నాలుగు" అంటుంది. అడిగినవాడు బిక్కమొహం వేసుకుని వెళ్లిపోతాడు.

మాది కొండ మీది వీధి. అక్క పెరట్లో ప్రభుత్వం వాళ్ల వాన కొలిచే డబ్బా ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకు గరాటు తీసి, సీసాలోని నీళ్లు గీతల గ్లాసులో పోసి చూసి, పుస్తకంలో రాసుకుని, పై ఆఫీసుకు ఫోన్ చేస్తుంది. పన్నెండేళ్లలో జ్వరమొచ్చినా ఒక్కరోజు మానలేదు. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్లు ఆ పని వాళ్ల మామగారిది. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. చూపు మందగించింది కానీ వినికిడికేం లోటు లేదు.

నేను బస్సు కండక్టర్ని. శరత్కాలం మొదట్లో ఒకరోజు తెల్లవారకముందు మొదలైన వాన ఎంతకీ ఆగలేదు. ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడి బస్సు రద్దయింది. పక్కనే అక్కవాళ్లింట్లో టీ దొరుకుతుందని వెళ్లి కూర్చున్నాను. అందుకే ఇదంతా కళ్లారా చూశాను.

అక్క పెరట్లోంచి తడిసి ముద్దయి వచ్చింది.

"నూట ఎనభై ఏడు, తమ్ముడూ" అంది. "గ్లాసుకు ఇరవై చొప్పున తొమ్మిది నిండి, పదోది మూడో వంతు దాటింది. పైన వాగు గట్టు దాటేసింది."

ఆమె ముఖం ఎందుకు పాలిపోయిందో నాకు తెలుసు. ఆ వాగు కొండ దిగి గంటలో టౌను చేరుతుంది. అక్కడ దాని ఒడ్డునే పెద్ద లాండ్రీ. అక్క కూతురు పనిచేసేది అందులోనే. ఎనిమిదింటికి లోపలికి వెళ్లేటప్పుడు ఆడవాళ్లందరి ఫోన్లూ గేటు దగ్గర పెట్టెలో వేయించుకుంటారు. గేటు నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. మిగిలింది టౌన్లో వరద సైరన్ ఒక్కటే. అది పై ఆఫీసు చెబితేనే మోగుతుంది.

ఆఫీసుకు చేసి ఫోను స్పీకర్‌లో పెట్టింది. అవతలి ఆఫీసరు గొంతు చాలా మర్యాదగా ఉంది. నాకు ఒళ్లు మండింది అందుకే.

"అమ్మా, కంప్యూటర్ ఈ అంకె తీసుకోవడం లేదు, ఎర్రగా చూపిస్తోంది. ఈ నెల మొత్తానికే మీ కేంద్రం సగటు అరవై నాలుగు. ఒక్కరోజులో యాభై ఎనిమిది ఎప్పుడూ దాటలేదు. నలభై మూడేళ్ల రికార్డమ్మా ఇది."

"ఇవాళ దాటింది సార్."

"పద్దెనిమిది పాయింట్ ఏడేమో, మరోసారి చూడండి."

"మూడుసార్లు కొలిచాను సార్. సైరన్ మోగించమనండి. మా అమ్మాయి లాండ్రీలో ఉంది."

"సగటుకు ఇంత దూరమున్న అంకెను పక్క కేంద్రం రీడింగుతో సరిచూడాలి. అది తొమ్మిదిన్నరకు వస్తుంది. ఒక్క అంకె చూసి టౌనంతా ఖాళీ చేయించమంటారా?"

గోడ గడియారం ఎనిమిది నలభై ఎనిమిది చూపిస్తోంది. తొమ్మిదిన్నర దాకా ఆగితే నీళ్లు లాండ్రీ గుమ్మంలో ఉంటాయి.

"ఫోనిలా ఇవ్వమ్మాయ్" అన్నారు మూలన మంచం మీద కూర్చున్న మామగారు.

తడుముకుంటూ అందుకున్నారు.

"బాబూ, నీ రికార్డులో ఆ యాభై ఎనిమిది నేను రాసిందే. ఆ రోజు పడింది నూట డెబ్బై ఒకటి."

ఆయన ఫోనుకు మరింత దగ్గరగా వంగారు.

"నేను చేరిన ఏడాది నూట నలభై అని పంపితే మీ ఆఫీసు ఎర్ర సిరాతో తిప్పి పంపింది. కొత్త ఉద్యోగం, భయపడి నలభై అని దిద్దాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు మీరు అడగకముందే నేనే తగ్గించి రాసేశాను. ఏళ్లు వేరైనా అన్నీ ఇదే నెలలో. తేదీలు చెబుతాను, రాసుకో. నా కోడలు సరిగ్గానే కొలిచింది."

"పెద్దాయనా, ఈ ఫోను రికార్డవుతోంది."

"అవనీ. ముందు సైరన్ వేయించు. లోపల నా మనవరాలుంది."

లైను తెగిపోయింది. అక్క ఆయన వైపు చూడలేదు. గేటు నంబరు నొక్కుతూనే ఉంది. ఒక్కో నిమిషం గడవడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. తొమ్మిదీ ఇరవైకి ఎవరో ఎత్తారు. వెనక సైరన్ కూత. "అందరూ బయటికొచ్చేస్తున్నారండీ" అని పెట్టేశారు. పది నిమిషాలకు పిల్లే ఫోన్ చేసింది, మెరక రోడ్డు మీద ఉన్నామని. పదింటికల్లా లాండ్రీలో యంత్రాలు మునిగిపోయాయి. అరవై మంది ఆడవాళ్లలో ఒక్కరికి కూడా ఏమీ కాలేదు.

మూడు వారాలకు పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మామగారి ముప్పై ఒక్క ఏళ్ల లెక్కలు నమ్మదగినవి కావట, సగటులోంచి పూర్తిగా కొట్టేశారట. ఆయన అక్కచేత రెండుసార్లు చదివించుకున్నారు.

"ఆ మూడు రోజులు తప్ప మిగతావన్నీ సరిగ్గానే కొలిచానమ్మాయ్."

"తెలుసు మామయ్యా."

ఆ పూటే ఆమె ఆఫీసుకు రాసింది, ఆ మూడు తేదీలు దిద్ది మిగతావి ఉంచమని. నెల తిరక్కుండానే జవాబొచ్చింది. ఒక్కటే వాక్యం: మిగతావి సరైనవని రుజువేమిటి? కొలిచిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే పారబోస్తారు కదా, రుజువెక్కణ్నుంచి తెస్తారు? ఆ రాసినవాణ్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది.

"ఆఫీసు నుంచి జవాబేమైనా వచ్చిందా?" అన్నారు మామగారు లోపలి నుంచి.

అక్క కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టింది.

"ఇంకా రాలేదు మామయ్యా" అంది.