రెండు బండ్ల నడుమ మా ఇల్లు

మొన్న ఓట్లడిగేవాళ్లు హిందూపురంలో మా వీధికి వచ్చిపోయినాక, మా మనవడు గడప మీద కూర్చోని, చివరింటి సాయిబులు మైనారిటీలు కదవ్వా, వాళ్ల ఓట్లు ఎటు పోతాయో కనుక్కోవాల అన్నాడు. వీధంతా మనవాళ్లే ఉండగా ఆ ఒక్కింటి మీదనే వీడికెందుకంత కన్ను అని నాకు ఒళ్లు మండింది. నేను చదివింది మూడో తరగతే గాని, మైనారిటీ అనే మాటకు అర్థం నాకు పుస్తకాల్లో వెతికే పని లేదు.

నా చిన్నప్పుడు చెన్నేకొత్తపల్లి పక్క పల్లెలో మాది ఒక్కటే శెట్ల ఇల్లు. ఉప్పుకైనా చింతపండుకైనా రెండు పార్టీలవాళ్లూ మా నాయన అంగడికే వచ్చేవాళ్లు. ఓటేసే బడి పక్కూళ్లో ఉండేది. ఆడవాళ్లను తీసుకుపోను పార్టీలవాళ్లు ఎద్దుల బండ్లు కట్టేది మీకూ గుర్తుండే ఉంటుంది. ఎవరి బండెక్కితే వాళ్ల మనుషులని లెక్క, లోపల ఎవరికేసినా సరే.

ఒకసారి సర్పంచి ఎన్నిక పొద్దున రెండు బండ్లూ మా వాకిట్లోనే నిలబడినాయి. ఏది ఎక్కినా రెండోవాళ్లు అంగడి మూయిస్తారని నాయన తలుపు వెనకనే నిలబడిపోయినాడు.

"ఏమప్పా శెట్టీ, మీ ఆడోళ్లు ఇంకా జడలేసుకుంటాండారా?" అన్నాడు ఒక బండివాడు.

"తూకం తేలలేదేమో లేబ్బా," అని రెండోవాడు నవ్వినాడు.

చెప్పులు అరుగుతాయని చంకలో పెట్టుకొని నడిచే మా అవ్వ, అమ్మ చెయ్యి పట్టుకొని, నడవను కాళ్లుండాయిలే నాయనా అనేసి, రెండు బండ్ల నడుమ నుంచి దారి పట్టింది. వెనక నాయన, నేను. ఖాళీ బండ్లు దారిపొడుగునా మా వెనకనే వచ్చినాయి. ఎద్దుల ఊపిరి వీపుకు తగులుతాండినా తిరిగి చూడొద్దని అవ్వ గట్టిగా చెప్పింది.

గెలిచినవాళ్లు మేము అవతలివాళ్లకు వేసినామన్నారు, ఓడినవాళ్లు మా వల్లే ఓడినామన్నారు. ఉప్పుకు కూడా పక్కూరికి పోయినారు గాని మా గడప తొక్కలేదు. కడకు త్రాసు మూటగట్టుకొని హిందూపురం చేరినాము. అవ్వ తప్పు చేసిందని నాయన ఏనాడూ అనలేదు, ఆ ఊరి పేరు మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఎక్కువమంది ఉండేవాళ్లు ఎటుపోయినా ఊరు వాళ్లదే. ఒక్కింటివాళ్లు ఎటూ పోకున్నా సంజాయిషీ చెప్పుకోవాల. ఇదంతా చెప్తే మనవడు సెల్లు చూసుకుంటా విన్నాడు. ఆ కాలంలో మేము ఏ బండెక్కుతామో చూసేదాకైనా ఆగినారు. ఇప్పుడు పేరు వింటే చాలు, ఏ బండి మనుషులో తేల్చేస్తాండారు. ఆ చివరింటివాళ్లకు నడిచిపోను దారైనా మిగల్లేదు.